ఇమిగ్రేషన్ లైన్ ఎందుకు కదలదు? ఈ-గేట్, పాస్‌పోర్ట్ చిప్ వెనక ఉన్న లెక్క ఇదీ

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి ఎయిర్‌పోర్ట్ లైన్ గురించి రాస్తున్నానంటే దానికో కారణం ఉంది. ముందు అది చెప్తాను, తర్వాత టెక్నాలజీలోకి వెళ్దాం.

మాది మోపిదేవి. అక్కావాళ్ళు దుబాయ్‌లో ఉంటారు. అక్క డెలివరీకి అమ్మని తీసుకెళ్ళాలి. అమ్మకి అదే మొదటి విమాన ప్రయాణం, తెలుగు తప్ప వేరే భాష రాదు. అందుకే నేనూ లీవ్ పెట్టి బయల్దేరాను. ఎయిర్‌పోర్ట్ పేరు ఇక్కడ అనవసరం, పెద్దదే. చెప్పినట్టే మూడు గంటల ముందు వెళ్ళాం. బ్యాగులు ఇచ్చేసరికే గంట అయిపోయింది. ఇమిగ్రేషన్ హాల్లోకి వస్తే లైన్ పాములా మెలికలు తిరిగి తలుపు దాకా వచ్చేసింది.

నేను అంతకు ముందే ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్‌కి రిజిస్టర్ చేసుకుని ఉన్నా. అమ్మకి చేయించలేదు. "నేను అటు నుంచి వెళ్ళి అవతల నిలబడతా, నువ్వు ఈ లైన్లో వచ్చెయ్" అన్నాను. ఈ-గేట్ దగ్గర నాకు నిమిషం కూడా పట్టలేదు. అవతలికి వెళ్ళాక గానీ నేను చేసిన తప్పు తెలియలేదు. మళ్ళీ వెనక్కి రానివ్వరు. అక్కడ ఫోన్ వాడకూడదని బోర్డు. అద్దం అవతల లైన్లో అమ్మ, ఇవతల నేను. ఒక గంటా ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డా. మా ఫ్లైట్ బోర్డింగ్ మొదలైందని అనౌన్స్‌మెంట్ కూడా వచ్చేసింది. చివరికి విమానం ఎక్కినవాళ్ళలో ఆఖరి ఇద్దరం మేమే.

సీట్లో కూర్చున్నాక అమ్మ ఒకటే మాట అంది: "నాగులచవితికి మన గుళ్ళో కూడా ఇంతసేపు నిలబడలేదు నాన్నా."

నిజానికి ఈ ఆర్టికల్ మొత్తానికి ఆ ఒక్క మాటే హెడ్డింగ్ పెట్టొచ్చు. ఎందుకో చూడండి.

కౌంటర్లు పెంచితే సరిపోదా?

మా ఊరి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడికి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే అయిదు నిమిషాల్లో దర్శనం అయిపోతుంది. అదే నాగులచవితి రోజు పుట్టలో పాలు పోయాలంటే తెల్లారక ముందే వెళ్ళి నిలబడాలి. గుడి అదే, పూజారులు వాళ్ళే. జనం అందరూ ఒకేసారి రావడమే తేడా.

ఎయిర్‌పోర్ట్‌లోనూ అంతే. గల్ఫ్ నుంచి మన వైపు వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లారేలోపు దిగుతాయి. తిరిగి వెళ్ళేవి కూడా ఆ కాసేపట్లోనే. రోజు మొత్తం సగటు తీస్తే కౌంటర్లు సరిపోయినట్టే కనిపిస్తాయి. ఆ మూడు గంటలు మాత్రం చాలవు.

ఒక చిన్న లెక్క వేద్దాం (అంకెలు నేను ఉదాహరణకి అనుకున్నవే). ఒక్కో ప్యాసింజర్‌కి 90 సెకన్లు పడుతుందనుకోండి. ఒక కౌంటర్‌లో గంటకి 40 మంది. పది కౌంటర్లు ఉంటే 400 మంది. ఇప్పుడు రెండు మూడు పెద్ద విమానాల జనం కలిపి 700 మంది ఒకేసారి వచ్చారు. ఆఖరి మనిషి బయటపడటానికి 105 నిమిషాలు. ఎవరూ బద్ధకించలేదు, సర్వర్ డౌన్ అవలేదు. అయినా గంటా ముప్పావు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనలో కోడింగ్ చేసేవాళ్ళకి సర్వర్ లోడ్ అంటే ఏంటో తెలుసు కదా. ఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కోసం డెన్మార్క్ ఇంజనీర్ ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూయింగ్ థియరీ ఇక్కడా పనిచేస్తుంది. ఆ థియరీలో అన్నిటికన్నా సింపుల్ మోడల్ తీసుకుంటే, కౌంటర్ 80 శాతం బిజీగా ఉన్నప్పుడు అక్కడ సగటున 4గురు ఉంటారు. 90 శాతం అయితే 9 మంది. 95 శాతం అయితే 19 మంది. లోడ్ 80 నుంచి 95కి పెరిగింది, అంతే. జనం మాత్రం దాదాపు అయిదు రెట్లయ్యారు. అందుకే లైన్ బాగానే కదులుతున్నట్టు ఉండి, ఒక్కసారిగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

దీన్నే తిరగేసి చూస్తే ఒక మంచి విషయం తెలుస్తుంది. ఫుల్‌గా ఉన్న లైన్ నుంచి కొద్దిమందిని తప్పించినా చాలా తేడా వస్తుంది. ఈ-గేట్ల అసలు ఉపయోగం అదే.

ఆ 90 సెకన్లలో ఏం జరుగుతుంది?

ఆఫీసర్ స్టాంప్ వేయడం ఒక్కటే మనకి కనిపిస్తుంది. దాని వెనక పని చాలా ఉంది. పాస్‌పోర్ట్ అసలుదా కాదా, ఫొటోలో ఉన్నది ఈ మనిషేనా, వీసా సరిగ్గా ఉందా, లుకవుట్ సర్క్యులర్ ఏమైనా ఉందా, ఇవన్నీ చూడాలి. మన దేశంలో ఇది కేంద్ర హోం శాఖ కింద ఉండే బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ పని. ఒకప్పుడు మనం వెళ్ళేటప్పుడు ఒక కార్డు కూడా పెన్నుతో నింపి ఇవ్వాల్సి వచ్చేది. 2017 జులై 1 నుంచి ఇండియన్స్‌కి అది తీసేశారు.

పాస్‌పోర్ట్‌ని మెషీన్ మీద పెట్టినప్పుడు అది ముందు చదివేది మీ ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు లైన్లు. దాన్ని మెషీన్ రీడబుల్ జోన్ అంటారు. ఒక్కో లైన్లో 44 క్యారెక్టర్లు. రెండో లైన్లో పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. ప్రతిదాని పక్కన ఒక చెక్ డిజిట్ ఉంటుంది.

మీరే లెక్క కట్టి చూసుకోవచ్చు. ఉదాహరణకి 2000 ఆగస్టు 15న పుట్టినవాళ్ళ తేదీ అక్కడ 000815 అని ఉంటుంది. అంకెల్ని వరసగా 7, 3, 1, 7, 3, 1తో గుణించి కూడండి. మొదటి మూడూ సున్నాలే. తర్వాత 8×7 అంటే 56, 1×3 అంటే 3, 5×1 అంటే 5. మొత్తం 64. పదితో భాగిస్తే శేషం 4. అదే చెక్ డిజిట్. స్కానర్ ఒక అంకె తప్పు చదివినా, ఎవరైనా అంకె మార్చినా లెక్క తేడా వచ్చి చాలావరకు అక్కడే దొరికిపోతుంది. మీ పాస్‌పోర్ట్ తీసి ట్రై చేయండి, భలే ఉంటుంది.

ఈ-పాస్‌పోర్ట్: మీ చేతిలో ఇంకో గ్యాడ్జెట్

మన దగ్గర 2024 ఏప్రిల్‌లో పైలట్‌గా ఈ-పాస్‌పోర్ట్‌లు ఇవ్వడం మొదలుపెట్టారు. కవర్ మీద ముందువైపు కింద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే అది ఈ-పాస్‌పోర్ట్. లోపల ఒక చిప్, యాంటెన్నా ఉంటాయి. బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గర పెట్టినప్పుడు దాని రేడియో తరంగాల నుంచే కరెంట్ తీసుకుంటుంది. మీ ఫోన్లో ఉన్న ఎన్‌ఎఫ్‌సీ కూడా అదే 13.56 మెగాహెర్ట్జ్ మీదే నడుస్తుంది.

"మరి బస్‌లో పక్కవాడు ఫోన్ ఆనించి నా వివరాలు లాగేస్తాడా?" అని డౌట్ వస్తుంది. అంత ఈజీ కాదు. చిప్‌తో మాట్లాడాలంటే తాళం చెవి కావాలి. మామూలుగా ఆ తాళం చెవి ఇందాక చెప్పిన పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ, ఎక్స్‌పైరీ తేదీల నుంచే తయారవుతుంది. అంటే పుస్తకం తెరిచి చూసినవాళ్ళకే చిప్ తెరుచుకుంటుంది. పైగా లోపలి డేటా మీద మన ప్రభుత్వ డిజిటల్ సంతకం ఉంటుంది. బ్యాంక్ వెబ్‌సైట్‌కి సర్టిఫికెట్ ఉన్నట్టే. ఫొటో మార్చితే సంతకం సరిపోదు. ఒక జాగ్రత్త: పాస్‌పోర్ట్ చిప్ చదువుతాం అని చెప్పే ఏ యాప్ పడితే ఆ యాప్ వేసుకోకండి. తాళం చెవి మీ చేత్తో మీరే ఇచ్చినట్టు అవుతుంది.

ఎఫ్‌టీఐ-టీటీపీ: అసలు ఫాస్ట్ లైన్ ఇదే

ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్. పేరు పెద్దదే గానీ పని చిన్నది. మీ గురించి చేయాల్సిన చెకింగ్ లైన్లో కాకుండా ముందే చేసి పెట్టుకోవడం. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే క్యాషింగ్.

2024 జూన్ 22న ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ 3లో మొదలైంది. 2025 జనవరి 16న హైదరాబాద్ శంషాబాద్, ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, కొచ్చి, అహ్మదాబాద్‌లకి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో లక్నో, తిరువనంతపురం, తిరుచిరాపల్లి, కోళికోడ్, అమృత్‌సర్ కలిశాయి. ఆ 13లో మన గన్నవరం గానీ, విశాఖ గానీ లేవు. కాబట్టి మా దివిసీమ వాళ్ళకి దగ్గర్లో అంటే శంషాబాద్ లేదా చెన్నై.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు అప్లై చేయొచ్చు. ఇలా చేయాలి:

1. ఎఫ్‌టీఐటీటీపీ డాట్ ఎంహెచ్ఏ డాట్ జీఓవీ డాట్ ఇన్ సైట్‌లో మొబైల్, ఈ-మెయిల్‌తో అకౌంట్ తెరవండి. హోం శాఖ డొమైన్ కాకుండా వేరే సైట్ కనిపిస్తే వదిలేయండి.
2. ఫొటో, పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల స్కాన్, అడ్రస్ ప్రూఫ్ అప్‌లోడ్ చేయండి. పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు ఉండాలి.
3. వెరిఫికేషన్ అయ్యాక మెసేజ్ వస్తుంది. అప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో గానీ, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆఫీసులో గానీ వేలిముద్రలు, ముఖం ఫొటో ఇవ్వాలి.
4. ఒకసారి అయితే 5 ఏళ్ళు లేదా పాస్‌పోర్ట్ గడువు, ఏది ముందైతే అప్పటిదాకా పనిచేస్తుంది.

ఈ స్కీమ్‌ని ఫీజు లేకుండానే మొదలుపెట్టారు. టికెట్ బుక్ చేశాక చూద్దాంలే అనుకోకండి. నెల ముందైనా అప్లై చేసేయండి.

గేట్ దగ్గర ముందు బోర్డింగ్ పాస్, తర్వాత పాస్‌పోర్ట్ స్కాన్ చేయాలి. బయోమెట్రిక్ సరిపోలితే గేట్ తెరుచుకుంటుంది. అంతటితో ఇమిగ్రేషన్ అయిపోయినట్టే.

ఇందాకటి లెక్కకే వద్దాం. 700 మందిలో 30 శాతం, అంటే 210 మంది ఈ-గేట్‌కి వెళ్ళారనుకోండి. మామూలు లైన్లో 490 మందే మిగులుతారు. ఆఖరి మనిషికి 105 నిమిషాలు పట్టేది 74కి దిగుతుంది. అంటే మీరు రిజిస్టర్ చేసుకుంటే, రిజిస్టర్ చేసుకోని ముక్కూమొహం తెలియని పెద్దాయనకి కూడా అరగంట కలిసొస్తుంది.

చాలామంది పొరబడే మూడు విషయాలు

డిజీయాత్ర ఉంటే చాలనుకోవడం మొదటిది. 2022 డిసెంబర్ 1న మొదలై, మన విజయవాడకి కూడా మొదటి విడతలోనే వచ్చింది. కానీ అది దేశం లోపలి ప్రయాణాలకి, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ, సెక్యూరిటీ దగ్గర పనికొచ్చేది. ఇమిగ్రేషన్‌తో దానికి సంబంధం లేదు.

రెండోది, ఈ-పాస్‌పోర్ట్ ఉంటే ఈ-గేట్ దానంతటదే తెరుచుకుంటుందనుకోవడం. తెరుచుకోదు. రిజిస్ట్రేషన్ వేరే.

మూడోది, ఇది నేను చేసిన పొరపాటే. ఇంట్లో ఒక్కరు చేసుకుంటే చాలనుకోవడం.

మరి అమ్మకి ఎందుకు చేయించలేదు?

నిజం చెప్పాలంటే, అమ్మ వేలిముద్రలు పడవని నేనే అనుకున్నా. ముప్పై ఏళ్ళు నాట్లు, కలుపు, కోతల్లో అరిగిపోయిన వేళ్ళు అవి. రేషన్ దగ్గర మెషీన్ మీద నాలుగుసార్లు పెట్టినా పడక, చివరికి కళ్ళు స్కాన్ చేయించుకుని బియ్యం తెచ్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఇది టెక్నాలజీలో నిజంగా ఉన్న సమస్యే. సెన్సార్ మన వేలిని ఫొటోలా పోల్చదు. గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అనే పాయింట్లని పోలుస్తుంది. గీతలు అరిగిపోతే పాయింట్లు దొరకవు. పోనీ మ్యాచింగ్ కొంచెం వదులుగా పెడదామా అంటే వేరేవాళ్ళు దూరిపోయే ఛాన్స్ పెరుగుతుంది. ఫోన్లలోనూ ఇదే బేరం. టచ్ ఐడీలో వేరేవాళ్ళ వేలికి తెరుచుకునే అవకాశం 50,000లో 1 అనీ, ఫేస్ ఐడీలో 10,00,000లో 1 కన్నా తక్కువనీ యాపిల్ చెప్పుకుంటుంది. కానీ అసలు ఓనర్‌నే ఎన్నిసార్లు బయట నిలబెడుతుంది అనే అంకె ఏ కంపెనీ బాక్స్ మీదా రాయదు. అమ్మలాంటి వాళ్ళకి కావాల్సింది ఆ రెండో అంకె.

దుబాయ్ నుంచి తిరిగొచ్చాక అమ్మకీ అప్లై చేశాను. బయోమెట్రిక్ రోజు పొద్దున్నే చేతులకి కొబ్బరినూనె రాసి, గంట ముందు శుభ్రంగా కడిగించా. ఎండిపోయిన వేళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది, జిడ్డు మాత్రం ఉండకూడదు. ఒక బొటనవేలు మూడోసారికి పడింది. మిగతావన్నీ ఒకటి రెండు ప్రయత్నాల్లోనే పడ్డాయి. నేను ఊరికే ఊహించుకుని, కనీసం ట్రై కూడా చేయకుండా అమ్మని గంటా ఇరవై నిమిషాలు నిలబెట్టాను.

కాబట్టి ఈ వారం మీ కోసం అప్లై చేసుకునేటప్పుడు, అదే కూర్చోవడంలో అమ్మానాన్నలవి కూడా చేసేయండి. ఓటీపీ వాళ్ళ ఫోన్‌కి వస్తుంది, అది చదివి చెప్పమంటే చాలు. ఇంకా అప్రూవల్ రాకపోతే మీరు కూడా వాళ్ళతోపాటే మామూలు లైన్లో నిలబడండి. ముందు వెళ్ళి అద్దం అవతల చేసేదేమీ ఉండదు.

అక్క కొడుక్కి మొదటి పుట్టినరోజు వస్తోంది. అమ్మ అప్రూవల్ వచ్చేసింది. ఈసారి గేట్ దగ్గర ముందు అమ్మ, వెనక నేను.