కారుచున్న కార్బురేటరు

మోటారు సైకిలు క్రింద పెట్రోలు చుక్కలు కనబడగానే కార్బురేటరుకు చిల్లి పడినదని భయపడుదుము. చాలవరకు చిల్లి యుండదు. మూసికొనవలసిన సూది మూసికొనుట లేదు, అంతే.

కార్బురేటరు అడుగున చిన్న గిన్నె, అందులో తేలుచుండు బుడ్డి యొకటి గలవు. ఈ బుడ్డినే మెకానిక్కులు ఫ్లోటు అందురు. గిన్నె నిండగానే ఫ్లోటు పైకి లేచి, సూదిని రంధ్రములోనికి నెట్టి పెట్రోలును ఆపును. మేడమీది నీళ్ళ తొట్టెలోని బంతి కుళాయి పనియు ఇట్టిదే. సూదికిని రంధ్రమునకును నడుమ నలుసు చిక్కినను, సూదిమొన అరిగినను, ఫ్లోటులోనికి పెట్రోలు చొరబడినను గిన్నె పొంగి పొరలును.

బాగుచేయుట కష్టము కాదు. ఇంజను చల్లారిన పిమ్మట, దీపము, బీడీ దరిలేని ఆరుబయట పెట్రోలు ట్యాపు కట్టివేయవలెను. గిన్నె అడుగు మర వదల్చి పెట్రోలును డబ్బాలోనికి పట్టవలెను. గిన్నె విప్పి, సూదిని, రంధ్రమును కడిగి గాలి పంపుతో ఊదవలెను. సూదిమొనపై గాడి కనబడినచో కొత్తది వేయవలెను. ఫ్లోటును చెవివద్ద ఆడించినప్పుడు లోపల చప్పుడైనచో అదియు పనికిరాదు. పొంగిన పెట్రోలు ఇంజనులోనికి దిగి ఆయిలును పలుచన చేయును. ఆయిలు పెట్రోలు వాసన వేసినచో మార్చిన పిమ్మటనే స్టార్టు చేయుదము.

2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలైన పిమ్మట కొత్త బండ్లలో చాలవరకు ఇంజెక్షను పద్ధతి వచ్చినది. పాత బండ్లకు మాత్రము కార్బురేటరే. ఐనవిల్లివారు ముక్తేశ్వరం రేవున పంటుపై గౌతమిని దాటునప్పుడు బండ్లు, మనుష్యులు ఒకచోటనే ఒదిగి యుందురు. అచ్చట ఒక్క బండి కారినను ఆపద అందరిదియు. రేవునకు బయలుదేరక మునుపే గిన్నె క్రింద వ్రేలు రాచి చూచుకొందము.