'టేక్' క్రియ: అర్థాలు, వాడుక

నిఘంటువులో 'టేక్' అనే క్రియకు మొదట కనిపించే అర్థం 'తీసుకొను'. ఆ ఒక్క అర్థాన్నే పట్టుకొంటే చాలా వాక్యాలు మీకు అంతుపట్టవు. కింది వాక్యాలను పరిశీలించండి.

1. టేక్ దిస్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్. – అన్నం తిన్నాక ఈ మాత్ర వేసుకోండి.
2. వి టుక్ ఎ బస్ టు వరంగల్. – మేము వరంగల్‌కు బస్సులో వెళ్ళాం.
3. షి టుక్ ఎ ఫోటో. – ఆమె ఫోటో తీసింది.
4. ఇట్ టేక్స్ టూ అవర్స్. – రెండు గంటలు పడుతుంది.

నాలుగు వాక్యాల్లోనూ ఆంగ్ల క్రియ ఒక్కటే. తెలుగులో మాత్రం వేసుకొను, వెళ్ళు, తీయు, పట్టు అని నాలుగు క్రియలు వచ్చాయి. అంటే, 'టేక్' తరువాత వచ్చే నామవాచకాన్ని బట్టి దాని అర్థం మారుతుందన్నమాట. కాబట్టి ఈ క్రియను విడిగా బట్టీ పట్టకండి. 'టేక్ ఎ బస్', 'టేక్ ఎ ఫోటో' అని జంటలుగా నేర్చుకోండి.

'బ్రింగ్'తో తేడా: ఇది తెలుగువారికి కష్టం కాదు. సాధారణంగా 'తీసుకువెళ్ళు' అనే చోట 'టేక్', 'తీసుకురా' అనే చోట 'బ్రింగ్' వాడితే సరిపోతుంది.

రూపాలు: టేక్ – టుక్ – టేకెన్. 'హ్యావ్', 'హ్యాజ్', 'హ్యాడ్' తరువాత 'టేకెన్' మాత్రమే రావాలి. 'ఐ హ్యావ్ టుక్' అనడం తప్పు.

ఒక జాగ్రత్త: మన దగ్గర 'ఐ టేక్ క్లాసెస్' అంటే 'నేను పాఠాలు చెబుతాను' అని అర్థం. అమెరికాలో సాధారణంగా అదే వాక్యానికి 'నేను తరగతులకు వెళ్ళి చదువుకొంటున్నాను' అని అర్థం. మీరు ట్యూషన్లు చెబుతూ ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నారనుకోండి. అక్కడ 'ఐ టేక్ క్లాసెస్' అని రాస్తే, చదివేవారు మిమ్మల్ని విద్యార్థిగా భావించి మీ బోధనానుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. 'ఐ టీచ్' అని రాయండి. ఎవరు చదివినా ఒకే అర్థం వస్తుంది. అలాగే 'పరీక్ష రాశాను' అనడానికి మనం 'ఐ రోట్ ది ఎగ్జామ్' అంటాం. బ్రిటన్, అమెరికాలలో 'ఐ టుక్ ది ఎగ్జామ్' అనడమే వాడుక.

అభ్యాసం

కింది వాక్యాలను 'టేక్' ఉపయోగించి ఆంగ్లంలోకి మార్చండి.
అ) నేను స్నానం చేశాను.
ఆ) ఆమె సెలవు పెట్టింది.
ఇ) మేము నోట్సు రాసుకున్నాం.

జవాబులు: అ) ఐ టుక్ ఎ బాత్. ఆ) షి టుక్ లీవ్. ఇ) వి టుక్ నోట్స్.

ఈ మూడు తెలుగు వాక్యాల్లో ఎక్కడా 'తీసుకొను' లేదని గమనించండి.