కాలదోషం ఎవరి దోషం?

ప్రోనోటు రాయించుకున్న ప్రతివారికీ “కాలదోషం” అనే మాట తెలుసు. నోటుకు మూడేళ్ళు గడువు. ఆలోగా బాకీదారు చేత ఎంతో కొంత కట్టించి, నోటు వెనక చెల్లు వేయించుకోకపోతే ఇక దావా కోర్టులో నిలవదు. చదువు రాని ముసలమ్మలు సైతం ఈ సంగతి ఎరుగుదురు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ మాట దగ్గర ఒక సందేహం వస్తూ ఉంటుంది. బాకీ విషయంలో చిక్కు లేదు. ఇచ్చిన తేదీ నోటు మీదే ఉన్నది, ఊరుకున్నవాడిదే తప్పు. కాని దెబ్బ తగిలిన సంగతి, తిన్నవాడికే ముప్ఫై ఏళ్ళదాకా తెలియకపోతే? అప్పుడా దోషం ఎవరిది?

ఆస్బెస్టాస్ వల్ల జబ్బుపడినవారి విషయంలో దేశదేశాల కోర్టులూ ఎదుర్కొన్న ప్రశ్న ఇదే.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. మన ఇళ్ళమీది సిమెంటు రేకుల్లో కలిపేది అదే. నిప్పుకు కాలదు, వేడిని ఆపుతుంది. అందుకని బాయిలర్లకూ, ఆవిరి గొట్టాలకూ, ఓడలకూ, మోటారు బ్రేకులకూ విరివిగా వాడారు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు ఉండేవి. ఈ నారను తవ్వినా, కోసినా, విరిచినా కంటికి ఆనని సన్నని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పోయిన రోజున ఏమీ తెలియదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ బయటపడడానికి పది, ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా అనే కాన్సరుకు తరచు ముప్ఫై, నలభై ఏళ్ళు. ఫ్యాక్టరీ మూతపడి, తోటివాళ్ళు తలోచోటికీ పోయి, మనిషి మనుమలను ఆడించుకునే రోజుల్లో ఆయాసం మొదలవుతుంది.

మరి దావా గడువును ఏ రోజునుంచి లెక్కపెట్టాలి? దుమ్ము పీల్చిన నాటినుంచా? జబ్బు సంగతి తెలిసిన నాటినుంచా?

1963లో ఇంగ్లండులో, పోత ఉక్కు వస్తువులను చెక్కి నునుపు చేసే పనివాళ్ళ కేసు ప్రభువుల సభకు వచ్చింది. వాళ్ళు పీల్చింది రాతినార కాదు, ఇసుకరాతి ధూళి. కాని చిక్కు ఒక్కటే. శరీరంలో హాని మొదలైన నాడే గడువు మొదలైనట్టనీ, బాధితుడికి తెలియకపోయినా లెక్క ఆగదనీ న్యాయమూర్తులు తేల్చారు. చట్టం అలా ఉన్నది కనుక వాళ్ళు అలా చెప్పక తప్పలేదు. ఆ అన్యాయం పార్లమెంటుకూ కనిపించింది. ఆ ఏడే చట్టం మారింది. ఇప్పుడక్కడ 1980 నాటి చట్టం ప్రకారం తెలిసిన రోజునుంచి మూడేళ్ళు గడువు. అది దాటినా, న్యాయమనిపిస్తే అనుమతించే అధికారం కోర్టుకు ఉన్నది.

స్విట్జర్లండులో మార్పు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అక్కడ ఒక మెకానిక్కు 2004 మే నెలలో మెసోథీలియోమా అని తేలింది. ఆయన ఆస్బెస్టాస్ మధ్య పనిచేసింది 1960, 70 ప్రాంతాల్లో. 2005లో దావా వేశాడు. ఆ ఏడే కన్నుమూశాడు. భార్యా, కూతుళ్ళూ కోర్టుల చుట్టూ తిరిగారు. దుమ్ము పీల్చిన నాటినుంచి పదేళ్ళు దాటితే హక్కు లేదన్నది అక్కడి చట్టం. అంటే ఆయనకు జబ్బు కనబడకముందే దావాకు కాలదోషం పట్టిందన్నమాట! 2014 మార్చి 11న యూరపు మానవహక్కుల న్యాయస్థానం ఈ లెక్కను తప్పుపట్టింది. జబ్బు ఉన్నట్టు తెలుసుకునే వీలే లేనివారి విషయంలో ఆ సంగతి గమనించి తీరాలన్నది. 2020 జనవరి 1 నుంచి స్విస్ ప్రభుత్వం పదేళ్ళను ఇరవై చేసింది. ముప్ఫై, నలభై ఏళ్ళకు వచ్చే జబ్బుకు ఇరవై ఏళ్ళు ఏమూలకు?

అమెరికాలో రాష్ట్రానికొక లెక్క. కాలిఫోర్నియాలో ఒక ఏడాది, టెక్సాస్‌లో రెండు, న్యూయార్కులో మూడు. అయితే ఆ లెక్క దుమ్ము పీల్చిన రోజునుంచి మొదలు కాదు. రోగి చనిపోతే కుటుంబం వేసే దావాకు గడువు వేరు.

ఇక మన సంగతి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఆస్బెస్టోసిస్‌ను వృత్తిరోగాల పట్టికలో చేర్చింది. క్లెయిముకు రెండేళ్ళు గడువు పెట్టింది. జబ్బువల్ల వరసగా పని మానిన మొదటి రోజునుంచి ఆ లెక్క. పని వదిలినవారికో, వదిలిన రెండేళ్ళలోగా లక్షణాలు కనబడాలన్నది. ముప్ఫై ఏళ్ళు దాక్కునే రోగం రెండేళ్ళలో ఎలా కనబడుతుంది? తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు ఉండేదనుకోండి. ఆ చట్టం 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

1995లో మన సుప్రీంకోర్టు ఒక మంచిమాట చెప్పింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటినుంచి నలభై ఏళ్ళు, లేదా మానిన తరువాత పదిహేనేళ్ళు, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలన్నది. రోగం ఎంత నిదానంగా వస్తుందో న్యాయమూర్తులు గుర్తించారు.

గడువులే వద్దని నేననను. నలభై ఏళ్ళనాటి సంగతికి సాక్షులు ఎక్కడ దొరుకుతారు? కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? ప్రతివాదికీ న్యాయం కావాలి. కాని తెలియనివాణ్ణి ఊరుకున్నవాడితో జమకట్టడం ధర్మం కాదు.

చట్టం సంగతి అలా ఉంచి, మన చేతిలో ఉన్నది చేసుకుందాం. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా రేకుల ఫ్యాక్టరీలోనో, ఓడల రేవులోనో, బాయిలర్ల దగ్గరో పనిచేసి ఉంటే, ఎక్కడ, ఏ సంవత్సరాల్లో, ఎవరెవరితో చేశారో అడిగి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. సర్వీసు కాగితాలు, జీతం చీటీలు పారవేయవద్దు. ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరకు వెళితే ఆ పాత ఉద్యోగం సంగతి తప్పక చెప్పండి. జబ్బు పేరు రాసి ఇచ్చిన కాగితం మీది తేదీ చూసుకుని, ఆ నెలలోనే లాయరును కలుసుకోండి. ప్రోనోటు తేదీని అంత జాగ్రత్తగా చూసుకునే మనకు ఇది పెద్ద పని కాదు.