ఇంటిలో ఇంటర్నెట్: మోడెం, రౌటరు

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సంస్థ ద్వారా ప్రారంభమైనది. ఆనాడు అది టెలిఫోన్ తీగ వెంట వచ్చి బల్లమీది ఒక్క కంప్యూటరు వద్ద ఆగిపోయేది. నేడు సామాన్య కుటుంబంలో సైతం నాలుగైదు ఫోన్లు ఏకకాలంలో దానిని వాడుకొనుచున్నవి. ప్రవేశ పరీక్షల దరఖాస్తు మొదలు ఉపకారవేతనం వరకు విద్యార్థి పనులెన్నో దానిమీదనే ఆధారపడియున్నవి. కనుక ఇంటిలో దానిని అమర్చుకొను విధానం ప్రతి విద్యార్థీ తెలుసుకొనవలెనని మా అభిప్రాయం.

ఇందులో ప్రధాన పరికరాలు రెండు. మొదటిది మోడెం. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అను రెండు మాటల కలయికచే ఈ పేరు ఏర్పడినది. కంప్యూటరు అంకెలను తీగలో ప్రయాణించగల సంకేతాలుగాను, ఆ సంకేతాలను తిరిగి అంకెలుగాను మార్చుట దీని పని. ఫైబర్ తీగ వచ్చిన ఇళ్ళలో ఇట్టి పనినే ఓ.ఎన్.టి. అను పెట్టె కాంతి సహాయంతో చేయును. రెండవది రౌటరు. ఇంటికి బయటినుండి సాధారణంగా ఒక్క చిరునామాయే లభించును. రౌటరు ఇంటిలోని ప్రతి పరికరానికి తరచుగా 192.168 అంకెలతో మొదలగు లోపలి చిరునామా నిచ్చి, ఎవరు కోరిన సమాచారం వారికే చేర్చును. హాస్టలుకు వచ్చిన ఉత్తరాలను గదుల వారీగా పంచు వాచ్‌మన్ వంటిదన్నమాట. కొన్ని ఇళ్ళలో ఈ రెండూ ఒకే పెట్టెలో ఇమిడియుండును.

అమర్చు విధానం కఠినమైనది కాదు. బయటి తీగను మోడెంకు కలపవలెను. మోడెం నుండి ఈథర్‌నెట్ తీగను రౌటరు వెనుక 'వాన్' అని గుర్తుగల రంధ్రంలో పెట్టవలెను. ముందు మోడెంకు కరెంటు ఇచ్చి, దీపాలు నిలకడగా వెలిగిన పిమ్మట రౌటరుకు ఇవ్వవలెను. రౌటరు అడుగున అతికించిన చీటీమీది పేరు, పాస్‌వర్డులతో ఫోనును కలిపి, అచ్చటనే యున్న చిరునామాను బ్రౌజరులో తెరచిన అమరికల పుట వచ్చును. కనెక్షన్ ఇచ్చినవారు యూజర్ పేరు, పాస్‌వర్డు ఇచ్చియుండిన వాటిని అందులో నింపవలెను.

ఇక పెట్టెను ఎక్కడ ఉంచవలెనన్నది ముఖ్యమైన ప్రశ్న. ఈ విషయంలో మేమే పొరబడితిమి. మా ఇంటిలో రౌటరు వీధి గదిలో, ఇనుప బీరువా వెనుక ఉండేది. మా అక్కగారి అమ్మాయి చదువుకొనేది వంటింటి ప్రక్క గదిలో. ఉపకారవేతనపు దరఖాస్తుకు గడువు ముగియు రాత్రి ఆమె ఫోనులో పుట తెరుచుకొనలేదు. పాపం, వీధి వరండాలో దోమల మధ్య కూర్చొని పూర్తిచేసినది. మేము తప్పు కనెక్షన్‌దే అనుకొని, నెలకు ఎక్కువ చెల్లించి వేగం పెంచితిమి. ఫలితం శూన్యం. ఇనుము రేడియో తరంగాలను అడ్డగించును. మందపు గోడలు వాటిని బలహీనపరచును. పెట్టెను నడిమి గదిలో తలుపుపై ఎత్తున ఉంచగానే బాధ తీరినది.

రౌటరు 2.4, 5 గిగాహెర్ట్‌జ్ అను రెండు తరంగ శ్రేణులలో పనిచేసినచో, మొదటిది గోడలు దాటి దూరం పోవును. రెండవది దగ్గరలో వేగమిచ్చును. వేగం తగ్గినపుడు ముందు రౌటరు ప్రక్కన నిలిచి పరీక్షించవలెను. అచ్చట బాగుండి లోపలి గదిలో లేకున్న, లోపం సాధారణంగా స్థానానిదే. ఓ.ఎన్.టి.పై 'లాస్' దీపం ఎర్రగా వెలిగిన, కాంతి ఇంటికి చేరుటలేదని గ్రహించి కనెక్షన్ ఇచ్చినవారికి తెలుపవలెను.

రక్షణను సైతం మరువరాదు. చీటీమీది పాస్‌వర్డులు రెండూ, అనగా వైఫైది, అమరికల పుటది, మొదటిరోజే మార్చవలెను. 1997 నాటి వెప్ పద్ధతి బలహీనతలు 2001లోనే బయటపడినవి. 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని ఎన్నుకొనుట మేలు. ఊరు పేరు, ఫోన్ నంబరు పాస్‌వర్డుగా పెట్టరాదు.

విద్యార్థులారా! చాలా ఇళ్ళలో ఈ పెట్టె అతిథులు కూర్చొను ముందు గదిలోనే ఉండును. చదువుకొను పిల్లలు, విశేషించి ఆడపిల్లలు, వెనుక గదిలో ఉందురు. సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు మీ ఇంటి వెనుక గదిలో ఒకసారి పరీక్షించి చూడుడు. పెట్టెను పది అడుగులు జరుపుటకు డబ్బు అక్కరలేదు. ఆ గదిలో చదువుకొనువారిని తలచుకొన్న చాలును.