ఐఈఎల్‌టీఎస్ రాస్తున్నారా..? రీడింగ్, లిజనింగ్‌లో మార్కులు పోయేది ఇక్కడే.. ఊళ్లో ఉండే ప్రిపేర్ అవ్వొచ్చిలా!

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం నెమలి. వేణుగోపాల స్వామి గుడితో చుట్టుపక్కల జిల్లాలకు బాగా తెలిసిన ఊరు. ఇలాంటి ఊళ్ల నుంచి విదేశాల్లో చదువుకోవాలనుకునే వాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో కనిపిస్తారు. డిగ్రీ చేతికి వచ్చింది, పాస్‌పోర్ట్ రెడీ, బ్యాంకు లోన్ గురించి ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే.. ఇంగ్లీష్ పరీక్ష.

కోచింగ్ కోసం తిరువూరు మీదుగా మైలవరం దాటి విజయవాడ వెళ్లాలి. హాస్టల్, ఫీజు, ఖర్చులు కలిపితే ఇంట్లో వాళ్లకు భారమే. పరీక్ష ఫీజే వేలల్లో ఉంటుంది. ఒకసారి స్కోరు తప్పితే మళ్లీ అంతా కట్టాలి. అందుకే మొదటిసారే గట్టిగా కొట్టాలి. మంచి విషయం ఏంటంటే.. నాలుగు సెక్షన్లలో రీడింగ్, లిజనింగ్ రెండూ ఇంట్లో కూర్చుని సొంతంగా ప్రిపేర్ అవ్వగలిగేవే. ఎందుకంటే వీటికి ఆన్సర్ కీ ఉంటుంది. మీ తప్పు మీరే పట్టుకోవచ్చు.

అర బ్యాండ్ తేడాతో ఏమవుతుంది?

ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు భాగాలు. నాలుగింటి సగటే ఓవరాల్ బ్యాండ్. సగటులో పాయింట్ తర్వాత 25 వస్తే పై అర బ్యాండ్‌కు, 75 వస్తే పై ఫుల్ బ్యాండ్‌కు రౌండ్ చేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 వచ్చాయనుకుందాం. సగటు 6.125. ఓవరాల్ 6 మాత్రమే ఇస్తారు. అదే రీడింగ్‌లో 7 వచ్చి ఉంటే సగటు 6.25.. ఓవరాల్ 6.5 అయిపోతుంది. అకడమిక్ రీడింగ్‌లో 40కి దాదాపు 30 కరెక్ట్ అయితే బ్యాండ్ 7. అంటే ఒకటి రెండు ప్రశ్నల తేడాతోనే యూనివర్సిటీ సీటు అటో ఇటో అవుతుందన్నమాట.

దేశాలు కూడా రూల్స్ బిగిస్తున్నాయి. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి స్టూడెంట్ వీసాకు కావాల్సిన ఐఈఎల్‌టీఎస్ స్కోరును 5.5 నుంచి 6కు పెంచింది. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో ఒక్కోదాంట్లో 7 రావాలి, రైటింగ్‌లో 6.5 ఉండాలి. స్కోరు చెల్లేది రెండేళ్లే.

రెండింటి లెక్క ఇదీ..

లిజనింగ్‌లో 4 పార్టులు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. రీడింగ్‌లో కూడా 40 ప్రశ్నలే, టైమ్ 60 నిమిషాలు. అకడమిక్‌లో 3 పెద్ద ప్యాసేజీలు ఉంటాయి. రెండింట్లోనూ నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

30 కరెక్ట్ అయితే సుమారు 7 అనేది లిజనింగ్‌కు, అకడమిక్ రీడింగ్‌కు మాత్రమే. జనరల్ ట్రైనింగ్ రీడింగ్‌లో ప్యాసేజీలు కాస్త తేలిక, అందుకే 30 కరెక్ట్ అయితే వచ్చేది సుమారు 6. అక్కడ 7 కావాలంటే 34 వరకు కరెక్ట్ అవ్వాలి. మీరు రాసేది ఏదో అప్లై చేసేటప్పుడే చూసుకోండి.

లిజనింగ్: చెవి కంటే కన్ను ముందు

మొదటి పార్టులో ఇద్దరి మధ్య మామూలు సంభాషణ.. రూమ్ అద్దెకు తీసుకోవడం, కోర్సులో చేరడం లాంటివి. రెండో పార్టులో ఒక్కరే మాట్లాడతారు. మూడో దాంట్లో చదువుకు సంబంధించిన చర్చ. నాలుగోది లెక్చర్, మధ్యలో గ్యాప్ ఉండదు.

ఆడియో మొదలయ్యే ముందు ప్రశ్నలు చదువుకోవడానికి కొన్ని సెకన్లు ఇస్తారు. చాలామంది ఆ టైమ్‌లో టెన్షన్ పడుతూ కూర్చుంటారు. అసలు స్కోరింగ్ టైమ్ అదే. ప్రతి ఖాళీ దగ్గర ఏం రావొచ్చో ముందే ఊహించండి.. పేరా, నంబరా, రోజా, వస్తువా? ఖాళీకి ముందు డాలర్ గుర్తు ఉంటే డబ్బు లెక్క వస్తుందని చెవి ముందే రెడీగా ఉంటుంది.

మొదట విన్నదే ఆన్సర్ అనుకోవద్దు. ఇది ఈ పరీక్షలో పాత ట్రిక్. 'ట్యూస్‌డే వస్తాను.. సారీ, ఆ రోజు క్లాస్ ఉంది, థర్స్‌డే కుదురుతుంది' అంటారు. ట్యూస్‌డే రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయిన వాళ్లకు మార్కు పోయినట్టే. 'బట్', 'యాక్చువల్లీ', 'సారీ', 'ఇన్‌స్టెడ్' లాంటి మాటలు వినపడితే ఆన్సర్ మారబోతోందని అలర్ట్ అవ్వండి.

నంబర్లు, స్పెల్లింగులు. థర్టీన్, థర్టీ.. ఫిఫ్టీన్, ఫిఫ్టీ.. ఇక్కడ మనవాళ్లు చాలామంది దొరికిపోతారు. 'టీన్' ఉన్న మాటలో సాధారణంగా చివర ఒత్తి సాగదీస్తారు, 'టీ' ఉన్న మాటలో మొదట ఒత్తుతారు. పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు 'డబుల్ ఎల్' అంటే ఎల్ రెండుసార్లు రాయాలి. ఫోన్ నంబర్‌లో సున్నాను 'ఓ' అని కూడా అంటారు. ఎ, ఇ, ఐ.. జి, జె.. ఈ అక్షరాల దగ్గర తడబడేవాళ్లు రోజూ 5 నిమిషాలు ఫ్రెండ్‌తో స్పెల్లింగ్ డిక్టేషన్ రాస్తే చాలు.

చివర 'ఎస్' మింగేయొద్దు. తెలుగులో 'రెండు బుక్కు, మూడు టికెట్టు' అని అలవాటుగా అనేస్తాం. పరీక్షలో ఆన్సర్ 'టికెట్స్' అయితే 'టికెట్' రాస్తే తప్పే. ఖాళీ ముందు 'ఎ' లేదా 'యాన్' ఉంటే ఏకవచనం, 'మెనీ', 'సెవరల్' లాంటివి ఉంటే బహువచనం. వినపడకపోయినా గ్రామర్ చెప్పేస్తుంది.

ఒకటి పోతే వదిలేయండి. ఆరో ప్రశ్న మిస్ అయిందని దాని గురించే ఆలోచిస్తూ ఉంటే ఏడు, ఎనిమిది కూడా పోతాయి. అప్పటికి గెస్ చేసి ముందుకు వెళ్లిపోండి. ప్రశ్నలు ఆడియో వరుసలోనే ఉంటాయి కాబట్టి మళ్లీ అందుకోవడం ఈజీ.

ఇంకో ముఖ్యమైన తేడా. పేపర్ పరీక్షలో ఆన్సర్లు షీట్‌పైకి ఎక్కించడానికి 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ పరీక్షలో చెక్ చేసుకోవడానికి ఇచ్చేది 2 నిమిషాలే. కంప్యూటర్‌పై రాసేవాళ్లు వింటూనే టైప్ చేసే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఊళ్లో నెట్ సెంటర్‌లో వారానికి రెండు గంటలైనా కీబోర్డ్ పట్టుకోండి.

రీడింగ్: ప్యాసేజీ మొత్తం అర్థం కావాల్సిన పని లేదు

60 నిమిషాల్లో 3 ప్యాసేజీలు. ఇక్కడ ఆన్సర్లు ఎక్కించడానికి ఎక్స్‌ట్రా టైమ్ అస్సలు ఉండదు. మూడోది కష్టంగా ఉంటుంది కాబట్టి మొదటిదానికి 15, రెండోదానికి 20, మూడోదానికి 25 నిమిషాలు అని పెట్టుకుంటే మంచిది.

ముందు టైటిల్, ఒక్కో పేరా మొదటి వాక్యం చూసి విషయం ఏంటో పట్టుకోండి. రెండు నిమిషాలు చాలు. తర్వాత ప్రశ్న చదివి, అందులో మారని మాటను.. అంటే మనిషి పేరు, ఊరు, ఏడాది, నంబర్‌ను.. ప్యాసేజీలో వెతకండి. అది దొరికిన చోట రెండు మూడు వాక్యాలు మాత్రం నెమ్మదిగా చదవండి.

ప్రశ్నలో ఉన్న మాటే ప్యాసేజీలో కనపడితే వెంటనే టిక్ పెట్టేయొద్దు. ప్రశ్నలో 'చీప్' అని ఉంటే ప్యాసేజీలో 'లో కాస్ట్' అని ఉంటుంది. ఒకే అర్థం, వేరే మాట. ఈ పరీక్ష చూసేది దాన్నే. అందుకే కొత్త మాటలు ఒంటరిగా కాకుండా జంటలుగా రాసుకుని నేర్చుకోండి.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్.. బస్సు ఉదాహరణతో

ఎక్కువమందికి చుక్కలు చూపించేది ఇదే. తెలుగులోనే అర్థం చేసుకుందాం. ఒక ప్యాసేజీలో ఇలా ఉందనుకోండి: 'తిరువూరు నుంచి నెమలికి ఉదయం ఆరున్నరకు ఒక బస్సు ఉంది. ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ నడుస్తుంది.'

మొదటి స్టేట్‌మెంట్: ఆ బస్సు వారంలో ఆరు రోజులు నడుస్తుంది. ఇది ట్రూ. మాటలు వేరైనా అర్థం ఒకటే.

రెండోది: ఆ బస్సు ప్రతిరోజూ ఉంటుంది. ఇది ఫాల్స్. ప్యాసేజీ దీనికి ఎదురు చెబుతోంది.

మూడోది: ఆ బస్సులో ఎక్కువగా కాలేజీ పిల్లలే ఎక్కుతారు. పొద్దున్నే బస్సు కదా, అంతే అయి ఉంటుందని మనకు అనిపిస్తుంది. కానీ ప్యాసేజీలో ఆ మాటే లేదు. కాబట్టి నాట్ గివెన్.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే. ఫాల్స్ అనాలంటే ప్యాసేజీలో దానికి వ్యతిరేకంగా ఉన్న వాక్యంపై వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే నాట్ గివెన్. మీకు తెలిసిన జనరల్ నాలెడ్జ్‌ను పరీక్ష హాల్ బయటే వదిలేయండి. 'ఆల్', 'ఓన్లీ', 'ఆల్వేస్' లాంటి మాటలు ఉంటే మరోసారి చూసుకోండి. ఈ రకం ప్రశ్నల ఆన్సర్లు ప్యాసేజీ వరుసలోనే వస్తాయి.

హెడింగ్స్ మ్యాచింగ్‌లో వరుస ఉండదు. పేరాలో ఒక చిన్న ఉదాహరణ చూసి దానికే హెడింగ్ పెట్టేస్తే బోల్తా పడతారు. పేరా మొత్తం దేని గురించో ఒక్క ముక్కలో తెలుగులో చెప్పుకుని, తర్వాత లిస్ట్ చూడండి.

ఇక ఖాళీలు పూరించే ప్రశ్నల్లో 'నో మోర్ దేన్ టూ వర్డ్స్' అని ఉంటే మూడు మాటలు రాస్తే సున్నా. ఆన్సర్ కరెక్ట్ అయినా సరే. స్పెల్లింగ్ తప్పైనా మార్కు రాదు. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఓకే.

ఖర్చు లేకుండా ఆరు వారాల ప్లాన్

మొదటి వారం: టైమ్ పెట్టుకుని ఒక ఫుల్ టెస్ట్ రాయండి. ఐఈఎల్‌టీఎస్ అధికారిక వెబ్‌సైట్‌లో ఫ్రీ శాంపిల్ ప్రశ్నలు ఉన్నాయి. కేంబ్రిడ్జ్ ప్రాక్టీస్ పుస్తకాలు సీనియర్ల దగ్గర దొరికినా చాలు. ఇప్పుడు మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది.

రెండు నుంచి నాలుగు వారాలు: రోజూ ఒక లిజనింగ్ పార్ట్, ఒక ప్యాసేజీ. రాయడానికి పట్టినంత టైమే తప్పులు చూసుకోవడానికీ పెట్టండి. లిజనింగ్‌లో పోయిన ఆన్సర్‌ను స్క్రిప్ట్‌లో వెతికి, ఆ ముక్కను మళ్లీ మళ్లీ వినండి. ఒక నోట్‌బుక్‌లో ప్రతి తప్పు పక్కన కారణం రాయండి.. స్పెల్లింగా, ఎస్ మర్చిపోయారా, టైమ్ చాల్లేదా, ట్రిక్‌లో పడ్డారా? నాలుగు వారాలకు మీ బలహీనత మీకే కనపడుతుంది.

ఐదు, ఆరు వారాలు: రెండు మూడు రోజులకో ఫుల్ టెస్ట్. మధ్యలో లేవకుండా, ఫోన్ పక్కన పెట్టి రాయాలి.

రోజంతా ఫోన్‌లో వీడియోలు చూస్తాం కదా.. అందులో 15 నిమిషాలు ఇంగ్లీష్‌కు ఇవ్వండి. బీబీసీ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' ఫ్రీ. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా వినండి, రెండోసారి స్క్రిప్ట్ చూస్తూ వినండి, మూడోసారి మళ్లీ చూడకుండా. పరీక్షలో బ్రిటిష్ యాసే కాదు.. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, కెనడా యాసలు కూడా వస్తాయి. ఆస్ట్రేలియా వార్తలు కూడా అప్పుడప్పుడు వినడం మంచిది.

'స్కోరు మేం ఇప్పిస్తాం' అంటే నమ్మొద్దు

పరీక్ష రాయకుండానే 7 బ్యాండ్, పేపర్ ముందే ఇస్తాం అంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లో మెసేజులు తిరుగుతుంటాయి. డబ్బు పోవడం ఒక్కటే కాదు, కెరీరే పోతుంది. 2022లో అమెరికాలోకి అక్రమంగా వెళ్తూ దొరికిన గుజరాత్ యువకులు ఐఈఎల్‌టీఎస్‌లో మంచి బ్యాండ్లు ఉన్నా కోర్టులో ఇంగ్లీష్ మాట్లాడలేకపోయారు. దాంతో మెహసానా పోలీసులు పరీక్షలో అక్రమాలపై దర్యాప్తు చేశారు. దొంగ స్కోరు ఎక్కడో ఒక చోట బయటపడుతుంది.

ఒక్క సెక్షన్‌లోనే తగ్గితే మళ్లీ నాలుగూ రాయాల్సిన పని కూడా లేదు. కంప్యూటర్‌పై రాసిన వాళ్లకు 'వన్ స్కిల్ రీటేక్' ఉంది. అసలు పరీక్ష రాసిన 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్ మాత్రమే మళ్లీ రాయొచ్చు. అయితే మీరు వెళ్లే యూనివర్సిటీ, ఆ దేశం దాన్ని ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి.

పరీక్ష రోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు. బుకింగ్‌లో ఇచ్చిన పాస్‌పోర్టే కావాలి. దూరం ఊళ్ల వాళ్లు తెల్లవారుజాము బస్సును నమ్ముకోకుండా ముందు రోజే సిటీకి చేరుకుని ప్రశాంతంగా నిద్రపోండి. లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే కదా.. నిద్రమత్తులో ఉన్న చెవికి రెండో ఛాన్స్ ఉండదు. ఆల్ ది బెస్ట్!