లేని కోటకు ఛాయాచిత్రము

శ్రీకాకుళమునుండి విశాఖపట్టణము వైపు పోవు పెద్ద రహదారిపై ఎచ్చెర్ల యున్నది. ఆ దారినే మఱికొంత సాగినచో అదే మండలములోని చిలకపాలెము వచ్చును. అచ్చట కుడివైపునకు చీలిన బాట రాజాము మీదుగా బొబ్బిలికి చేరును. బస్సులో కూర్చున్నవారి కది పొలముల నడుమ సాగు సామాన్యమైన బాట. కాని రాజామునందుండిన తాండ్ర పాపారాయుడు బొబ్బిలి కాపదలోఁ జేరవలసిన సమయమునకుఁ జేరలేకపోయెనని ఈ సీమ ప్రజలు తరతరములుగాఁ జెప్పుకొనుచున్నారు.

ఎచ్చెర్ల ప్రాంతపు విద్యార్థులు విజ్ఞానయాత్రకై బొబ్బిలికిఁ బోవునప్పుడు, నేటి వాడుకను బట్టి, వారిలోఁ బలువురి చేతులలో కెమెరా గల ఫోను ఉండును. ఊరిలో ఎత్తైన గోడలతో రాజప్రాసాదము కనబడును. ప్రజలు దానినే కోట యందురు. వెంటనే ఛాయాచిత్రము తీసి, ‘బొబ్బిలి యుద్ధము జరిగిన కోట’ అని దాని క్రింద వ్రాయుట సహజము. కాని ఆ మాట సరికాదు. ఆ భవనము యుద్ధమునకుఁ జాలకాలము తరువాతఁ గట్టబడినది. యుద్ధమును జూచిన కోట వేఱు. అది నేడు లేదు.

ఆ కోట యెట్లు పోయినదో తెలియనిదే, ఎచ్చట నిలిచి దేనిని చిత్రింపవలెనో తెలియదు. 1753లో ఉత్తర సర్కారులు నిజాము చేతినుండి ఫ్రెంచివారి చేతికి వచ్చెను. కప్పము వసూలుకై వారి సేనాని బుస్సీ 1756 చివర సైన్యముతో ఈ వైపునకు బయలుదేరెను. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు అతనికి మిత్రుడు. విజయనగరమునకును బొబ్బిలికిని సరిహద్దుల తగవులును, నీటి తగవులును అంతకుముందే యుండెను. బొబ్బిలి ప్రభువు రంగారావు తన సీమను విడిచి వేఱొకచోట భూములు తీసికొనవలెనను ఏర్పాటు పుట్టినది. ఆయన ఒప్పుకొనలేదు.

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీ తెల్లవాఱుచుండగా ఫ్రెంచి ఫిరంగులు కోట బురుజులపై గుండ్లు కురిపింప మొదలిడెను. అది ఱాతికోట గాదు, మట్టికోట. చుట్టును అడవి. మధ్యాహ్నము దాటువఱకు లోనివారు గోడలు వదలలేదు. ఇఁక నిలుచుట సాధ్యము గాదని తెలిసినప్పుడు, స్త్రీలును బిడ్డలును శత్రువుల చేతఁ బడరాదని, తమవారే వారి ప్రాణములు తీసిరి. పిమ్మట పురుషులు పోరాడి కూలిరి. రంగారావును వారిలోఁ గూలెను. ఫ్రెంచి సైనికులు లోపలికి వచ్చునప్పటికి వారి నెదిరించువారు లేరు. అప్పుడొక వృద్ధుడు ఒక పసివానిని చేయి పట్టుకొని ‘లా’ అను ఫ్రెంచి అధికారి కడకు నడిపించుకొని వచ్చెను. ఆ బాలుడు రంగారావు కుమారుడు. తండ్రి యాజ్ఞను మీఱి అతనిని దాచితినని వృద్ధుడు చెప్పెను. మూడవనాటి రాత్రి పాపారాయుడు విజయనగర శిబిరములోఁ బ్రవేశించి విజయరామరాజును చంపెను. తానును అచ్చటనే మరణించెను.

ఈ కథలోఁ జాల భాగము రాబర్టు ఓర్మ్ అను ఇంగ్లీషు చరిత్రకారుడు వ్రాసినదానివలన లోకమునకుఁ దెలిసినది. ఆయన బొబ్బిలిలో నిలిచి చూచినవాడు గాడు. విజయనగరమువారు చెప్పిన కథ మాత్రమే మిగిలియున్నచో ఇందులో కొన్ని వాక్యములు వేఱుగా నుండెడివేమో!

ఇఁక కెమెరా సంగతి. ఛాయాచిత్రములు తీయు విద్య ఫ్రాన్సు దేశములో 1839లో వెల్లడి చేయబడినది. అప్పటికి బొబ్బిలి కోట పడి 82 సంవత్సరములు. కావున ఆ కోట నిలిచియుండగాఁ దీసిన ఛాయాచిత్రము లేదు, ఉండుటకు వీలును లేదు. మనలో పలువురి మనస్సులలో నున్న బొబ్బిలి కోట 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రములోనిది. ఆ కోట నటుల కొఱకుఁ గట్టినది, చూచుటకు గంభీరమైనది. ఫిరంగి దెబ్బకు మట్టి యెట్లు రాలునో, పొగలో గోడమీఁది మనిషి కేమి కనబడునో అందు వెదకరాదు.

జపాను దేశములోని హిరోషిమా నగరమునందు ఇందుకు భిన్నమైన స్థితి కలదు. అచ్చట ఏటి యొడ్డున గుమ్మటము గల వస్తు ప్రదర్శనశాల యొకటి 1915లోఁ గట్టబడినది. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు అణుబాంబు దాదాపు దాని పైననే, సుమారు 600 మీటర్ల ఎత్తున ప్రేలెను. లోనున్నవారందఱు చనిపోయిరి. కొన్ని గోడలును గుమ్మటపు ఇనుప చట్రమును మిగిలెను. దానిని కూల్చివేయవలెనా, ఉంచవలెనా యని ఆ నగరవాసులు ఏండ్ల తరబడి తర్కించుకొనిరి. చూచినప్పుడెల్ల చచ్చినవారు గుర్తునకు వచ్చుట కొందఱికి భరింపరానిదయ్యెను. చివరకు 1966లో నగరసభ దానిని కాపాడుటకే నిశ్చయించెను. బాంబు పడకముందు తీసిన చిత్రములు ఆ భవనమునకుఁ గలవు. నేటి యాత్రికుడు ఆ పాత చిత్రమును చేతఁ బట్టుకొని, దానిని తీసినవాడు నిలిచిన చోటనే నిలిచి క్రొత్త చిత్రము తీయవచ్చును. రెంటిని ప్రక్కప్రక్కన నుంచినచో ఏమి పోయినదో కనులకే తెలియును, వ్యాఖ్యానముతోఁ బని లేదు.

భవనము మిగిలినంత మాత్రమునఁ గెమెరా నిజమే చెప్పునని తలంపరాదు. లక్నో నగరములోని సికందరబాగులో 1857 నవంబరులో తిరుగుబాటు సిపాయీలు వందలకొలది ఇంగ్లీషు సేనచేఁ జంపబడిరి. ఫెలిస్ బియాటో అను ఛాయాచిత్రకారుడు కొన్ని నెలలు గడచిన పిమ్మట, 1858లో అచ్చటికిఁ జేరెను. అతని చిత్రములో పాడుపడిన భవనము ముందు మనుష్యుల యెముకలు చెల్లాచెదరుగాఁ బడియుండును. యుద్ధము ముగిసిన మఱునాడే తీసినట్లు అది తోఁచును. కాని చిత్రము కొఱకే ఆ యెముకలను బయటికిఁ దీయించి పఱపించెనని చరిత్రకారులు తలంచుచున్నారు. భవనము నిజమైనది, ఎముకలును నిజమైనవే. ఆ యమరిక మాత్రము ఛాయాచిత్రకారునిది. చచ్చినవారిని మరల ఒకసారి పనికిఁ బెట్టుకొనుట యన్నచో తప్పుండదు.

బొబ్బిలిలో అట్టి భవనము లేదు, అట్టి పాత చిత్రమును లేదు. ఉన్నది కోట యుండిన తావు. దానిపై 1891లో బొబ్బిలి సంస్థానమువారు నిలిపిన స్మారక స్తంభము. చిత్రింపవలసిన వస్తువు అదియే. పని సులభముగాఁ దోఁచును గాని కాదు. స్తంభమునకు దగ్గఱగాఁ బోయి క్రిందినుండి పైకి కెమెరా నెత్తినచో, ఆకాశమున ఒక ఱాయి మాత్రము వచ్చును. ఆ ఱాయి ఏ యూరిదైనఁ గావచ్చును. కొంత వెనుకకు జరిగి, చుట్టునున్న నేలయు, ఇండ్లును, చెట్లును వచ్చునట్లు తీయవలెను. ఏలయన ఇచ్చట పోయినది స్తంభము గాదు, నేలమీఁది కోట.

వేళను ఎన్నుకొనుటయు ముఖ్యము. మిట్టమధ్యాహ్నపు ఎండ నేలయంతటిని చదునుగాఁ జూపును. ఉదయమునఁగాని సాయంకాలమునఁగాని ఎండ ఏటవాలుగాఁ బడునప్పుడు, అరచేతి మందము మిట్టకును నీడ వచ్చును. మట్టికోటల ఆనవాళ్లను వెదకు పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ వేళలనే కోరుకొందురు. స్తంభము ప్రక్కన ఒకరు నిలిచినచో దాని యెత్తు చూచువారికిఁ దెలియును. అట్లు నిలిచినవారు పెండ్లిలోవలె నవ్వనక్కఱలేదు, ఏడుపుమొగము పెట్టనక్కఱయును లేదు. ఊరక నిలిచిన చాలును. ఆ సమీపమున నివసించువారు చిత్రములోఁ బడుదురేని, వారి ననుమతి యడుగవలెను. వారికది తమ యూరు, నిత్యము నడచు దారి.

ఇంతచేసినను చిత్రములో కోట కనబడదు. వృద్ధుడు పసివానిని నడిపించుకొని వచ్చిన తావు ఏదో కనబడదు. చిత్రము చెప్పలేనిదానిని దాని క్రిందనుండు వాక్యము చెప్పవలెను. అందుచేత ఈ పనిలో కెమెరాకంటె పెన్సిలునకే ఎక్కువ శ్రద్ధ కావలెను. ఎచ్చట నిలిచి తీసిరో, ఏ దిక్కునకుఁ జూచి తీసిరో, ఏ తేదీని, ఏ వేళనో, కనబడుచున్నదానిలో ఏది ఎప్పటిదో అక్కడనే కాగితముపై వ్రాసికొనవలెను. బస్సు తిరిగి రాజాము చేరునప్పటికి వీనిలో సగము మఱపునకు వచ్చును. ప్రాసాదమును చిత్రించినవారు దానిని పాఱవేయనక్కఱలేదు. ‘యుద్ధము తరువాతి కాలమున కట్టిన బొబ్బిలి రాజప్రాసాదము’ అని వ్రాసిన అదియును మంచి చిత్రమే యగును. రెండవదాని క్రింద ఇట్లు వ్రాయవచ్చును: ‘1757 జనవరి 24న పడిన బొబ్బిలి మట్టికోట యుండిన తావు. నడుమనున్నది 1891లో నిలిపిన స్తంభము. తూర్పువైపు నిలిచి, ఉదయము 7 గంటలకుఁ దీసినది. కోట గోడలు లేవు.’