నడుం నొప్పికి సూదిమందు ఒక్కటేనా వైద్యం?

సార్వా నాట్ల రోజుల్లో దివిసీమ దారిలో ఏ ఊళ్ళో ఆగినా ఒకటే దృశ్యం. పొద్దువాలే వేళకు ఆడకూలీలు మడిలోంచి గట్టు మీదికి వచ్చి, రెండు చేతులూ నడుం మీద ఆనించుకుని, మెల్లగా నిటారవుతారు. పూటంతా వంగి నాట్లు వెయ్యటమంటే మాటలు కాదు. ఇంటికి పోతూ చాలామంది ఊళ్ళో వైద్యం చేసే అతని దగ్గర ఆగి ఒక సూదిమందు వేయించుకుంటారు. తెల్లారేసరికి నొప్పి మాయం! మళ్ళీ మడిలోకి.

ఆ సూదిమందులో ఏముందో మీరెప్పుడైనా అడిగారా?

చాలాసార్లు అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. దానికి తోడుగా డెక్సామెథజోన్ అనే స్టీరాయిడు కలపటమూ కద్దు. ఎప్పుడో ఒకసారి అయితే సరే. నెలల తరబడి వారానికి రెండేసి చొప్పున పడితే మొదటిది మూత్రపిండాలనూ కడుపులోని పొరనూ దెబ్బతీస్తుంది. రెండవది ముఖాన్ని ఉబ్బిస్తుంది, చక్కెర వ్యాధిని పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. ముఖం నిండుగా కనిపిస్తే "ఒళ్ళు చేసింది" అని సంతోషించేవాళ్ళను నేను చూశాను! అయితే ఈ మాట చదివి, చాలాకాలంగా వాడుతున్న స్టీరాయిడును మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి. అదీ ప్రమాదమే. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి.

తప్పంతా ఆ ఊరి వైద్యుడి మీదికి నెట్టెయ్యటం సులభం. పెద్ద చదువులు చదివిన మా డాక్టర్ల సంగతేమిటి? గుండె చప్పుడు వినటం నేర్చుకున్నంత శ్రద్ధగా మోకాలు పట్టి చూడటం మేము నేర్చుకోం. ఇది మన దేశానికే పరిమితమైన లోపం కాదు. 1998లో ఫ్రీడ్‌మన్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక పని చేశారు. అప్పుడే వైద్యవిద్య ముగించి వచ్చిన 85 మంది కొత్త డాక్టర్లకు ఎముకలు, కీళ్ళు, కండరాల గురించి ప్రాథమికమైన పరీక్ష పెట్టారు. 70 మంది తప్పారు!

మన దగ్గర ఎం.బి.బి.ఎస్. అయ్యాక చేసే ఏడాది హౌస్ సర్జన్సీలో, 2021 నాటి నిబంధనల ప్రకారం, ఎముకల విభాగానికి దక్కేది 2 వారాలు. ఆ రెండు వారాలూ విరిగిన కాళ్ళకు సిమెంటు కట్టు వెయ్యటం చూడటంతోనే గడిచిపోతాయి. అయితే రేపు అతని గదిలోకి వచ్చే రోగులలో ఎక్కువమంది కాళ్ళు విరిగినవారు కారు. నడుం పట్టేసినవారు, మోకాలు అరిగినవారు, చెయ్యి పైకి లేవనివారు. ఇంటిల్లిపాదినీ చూసే డాక్టరును తయారుచేయటానికి ఫ్యామిలీ మెడిసిన్ అని మూడేళ్ళ ప్రత్యేక చదువుంది. ఈ విద్య బాగా నేర్పవలసిన చోటు అది. బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. అక్కడి పిల్లలకు చిలకలపూడి, పెడన, అవనిగడ్డల నుంచి వచ్చే నొప్పులే పాఠ్యపుస్తకం కావాలని నా కోరిక. (భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు రాజకీయాలకు ముందు బందరులో ప్రాక్టీసు చేసిన డాక్టరే. ఆయన కాలంలో డాక్టరుకు చెయ్యే పెద్ద యంత్రం!)

అసలు ఏం నేర్పాలి? మూడు మాటలు: చూడు, తాకు, కదిపించు. నడుం నొప్పి అన్న మనిషిని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తాలి. కొంత ఎత్తగానే పిరుదు నుంచి మోకాలి కిందిదాకా కరెంటులా జివ్వుమంటే వెన్ను దగ్గర నరం నలుగుతున్నదని అనుమానించాలి. తరువాత మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిపించాలి. పాదం పట్టు తప్పిందా లేదా తెలిసిపోతుంది. దీనికి అయిదు నిమిషాలు, ఒక బల్ల చాలు. ఈ పరీక్షలో తేడా ఏమీ లేకపోతే చాలామందికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. యాభై దాటిన ఎవరి వెన్ను ఫొటో తీసినా అరుగుదల కనిపిస్తుంది. నొప్పికి అదే కారణమని ఖాయంగా చెప్పలేం. పూర్వం చెప్పినట్టు వారాల తరబడి మంచం పట్టటం కూడా తగదు. ఓర్చుకోగలిగినంత తిరుగుతూ వుంటే ఎక్కువమందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది.

చిలకలపూడిలో గిల్టు నగల పని చేసే మనిషి "రాత్రిపూట చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందండీ" అంటే బలం మాత్రలు రాసి పంపటం వాడుక. ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అడిగితే చాలు! బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అంటే మణికట్టు దగ్గర నరం ఇరుక్కుంటున్నదన్నమాట. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి ఊరట కలుగుతుంది. పెడనలో కలంకారీ అచ్చులు కొట్టే అతనికి భుజం బిగుసుకుపోతే పని ఒత్తిడి అని సరిపెట్టకుండా చక్కెర వుందేమో చూడాలి. ఆ వ్యాధి వున్నవారికి భుజం బిగుసుకోవటం ఎక్కువ.

ఇక ఆలస్యం చెయ్యగూడని సందర్భాలు. నడుం నొప్పితో పాటు ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రాత్రిళ్ళు ఎక్కువయ్యే నొప్పి, సన్నని జ్వరం, బరువు తగ్గటం వుంటే వెన్నుపూస క్షయ కావచ్చు, మరేదైనా పెద్ద జబ్బూ కావచ్చు. సూదిమందులతో నొప్పి కప్పిపెడితే లోపల వెన్ను కూలిపోతుంది. ఒకే కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే లోపల చీము పట్టిందేమో అదేరోజు చూపించుకోవాలి. మడి నీళ్ళలో నిలబడేవారికి మరొకటుంది. జ్వరం, ఎర్రబడిన కళ్ళు, ముట్టుకోనివ్వని పిక్కల నొప్పి కలిసి వస్తే లెప్టోస్పైరోసిస్‌ను అనుమానించాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే ఈ జ్వరం మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పైన నొప్పి సూదులు కూడా పడితే వాటి గతి ఏమిటి?

మోకాలు అరిగిన పెద్దవాళ్ళకు ఇంట్లో చేసుకునే పని ఒకటి చెబుతాను. మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. మోకాలితో ఆ చుట్టను కిందికి నొక్కి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు, పూటకొకసారి. తొడ కండరం గట్టిపడితే కీలు మీది బరువు తగ్గుతుంది. ఫలితం కనిపించటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. సూదిమందులా తెల్లారేసరికి కాదు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకువెళ్ళండి. మీరు చేసే పనేమిటో, రోజుకు ఎన్ని గంటలు వంగుతారో ఆయన అడగకపోయినా చెప్పండి. చీటీ రాయబోతుంటే "ఒకసారి పట్టి చూడండి బాబూ" అని అడగటానికి మొహమాటపడకండి.